బోన్షాం ఇచ్చిన చివరి ఆర్డర్ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బుస్సీ పేరు మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 1757 జనవరిలో విజయనగరం విజయరామరాజు పక్షాన బొబ్బిలి కోట మీదకి ఫిరంగులు తీసుకొచ్చిన ఫ్రెంచి సేనాని, బుర్రకథ విన్న ప్రతివాడికీ తెలిసిన పేరు. అదే బుస్సీ పాతికేళ్ళ తర్వాత ముసలివాడై, ఒంట్లో బాగోకపోయినా మళ్ళీ ఓడెక్కి దక్షిణాదికి వచ్చాడు, 1783లో కడలూరు దగ్గర ఇంగ్లీషువాళ్ళతో తలపడ్డాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అని మనం చదువుకున్నదానికి అది ఇండియాలో జరిగిన భాగం. ఆయన కింద ఉన్న దళాల్లో అకితేన్ రెజిమెంట్ ఒకటి, ఆ రెజిమెంట్ తరఫున ఇండియా వచ్చిన కుర్ర ఆఫీసర్లలో ఒకాయన పేరు బోన్షాం. షార్ల్ మెల్షియోర్ ఆర్త్యూస్ ద బోన్షాం, పూర్తి పేరు అది, మనం బోన్షాం అనే అనుకుందాం. 1760 మే 10న పశ్చిమ ఫ్రాన్సులో ఆంజూ అనే సీమలో ఒక జమీందారీ కుటుంబంలో పుట్టాడు, మన సముద్రం చూసి వెళ్ళాడు, వెళ్ళిన పదేళ్ళ లోపే తన సొంత ఊరి దగ్గర తన సొంత దేశ ప్రభుత్వం మీద యుద్ధం చేసి 33 ఏళ్ళకి చనిపోయాడు. ఈరోజు ఆయన గురించి మాట్లాడదామని వచ్చా.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, మనం ఫ్రెంచి విప్లవం స్కూల్లో చదివాం కదా, బాస్టిల్ కోట పడింది, స్వేచ్ఛ సమానత్వం సౌభ్రాతృత్వం అన్నారు, రాజు తల తీశారు, తర్వాత నెపోలియన్ వచ్చాడు, అక్కడితో పాఠం అయిపోతుంది. ఆ విప్లవానికి ఎదురు తిరిగినవాళ్ళు ఎవరంటే రాజులు, జమీందార్లు, పారిపోయిన ప్రభువులు అనే అనుకుంటాం. కానీ 1793లో ఆ విప్లవం మీద అన్నిటికన్నా పెద్ద తిరుగుబాటు చేసింది రైతులు. చేనేతవాళ్ళు, బళ్ళు తోలుకునేవాళ్ళు, పాలేర్లు. ఆ ప్రాంతాన్ని వాందే అంటారు, ఫ్రాన్సు పటంలో పడమట, లువార్ నదికి దక్షిణంగా సముద్రం దాకా ఉంటుంది. నేను విప్లవం వైపు మనిషినే, 1789లో వాళ్ళు రాసుకున్న హక్కుల ప్రకటన మనిషి రాసిన గొప్ప కాగితాల్లో ఒకటని నమ్ముతాను, అలా నమ్మేవాళ్ళం ఈ వాందే కథని ఇంకా జాగ్రత్తగా చదవాలని నా అభిప్రాయం.

ఆ రైతులు మొదట్నుంచీ విప్లవానికి వ్యతిరేకులు కాదండి. 1789లో వాళ్ళూ తమ బాధలు రాసి పంపారు, పన్నులు తగ్గాలన్నారు, పాత పెత్తనాలు పోవాలన్నారు. తర్వాత ఏమైందంటే, చర్చి భూములు వేలం వేశారు, వాటిని కొన్నది టౌన్లో డబ్బున్నవాళ్ళు, రైతుకి దక్కింది చాలా తక్కువ. 1790 జూలైలో ఇంకో చట్టం వచ్చింది, ఇకనుంచి ఫాదర్లు ప్రభుత్వ ఉద్యోగుల్లాగా ఉండాలి, ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చెయ్యాలి అని. వాందే పల్లెల్లో ఎక్కువమంది ఫాదర్లు ప్రమాణం చెయ్యమన్నారు. వాళ్ళని తీసేసి బయటనుంచి కొత్తవాళ్ళని పంపిస్తే ఊళ్ళో ఎవరూ వాళ్ళ పూజకి వెళ్ళలేదు. పెళ్ళి చేసిన మనిషి, పిల్లకి పేరు పెట్టిన మనిషి, అమ్మని పాతిపెట్టినప్పుడు పక్కన నిలబడ్డ మనిషి, ఆయన్ని దొంగలాగా అడవిలో దాక్కోమంటే పల్లెకి ఎలా ఉంటుంది చెప్పండి. పారిస్‌లో కూర్చున్నవాళ్ళకి ఇది మూఢనమ్మకంలా కనిపించింది, దాని వెనకున్న మనుషుల బంధం వాళ్ళకి కనపడలేదు. షోలే పట్నం చుట్టుపక్కల రుమాళ్ళు నేసే చేనేత కుటుంబాలు వేలల్లో ఉండేవి, వాటికీ ఆ ఏళ్ళలో పని పడిపోయింది.

1793 జనవరి 21న రాజు పదహారో లూయీకి మరణశిక్ష అమలు చేశారు. రాజుని చంపారని రైతులు వెంటనే లేవలేదు, ఇది గమనించండి. వాళ్ళు లేచింది మార్చిలో, ఎందుకంటే ఫిబ్రవరి 24న ప్రభుత్వం 3,00,000 మందిని సైన్యంలోకి తీసుకోవాలని నిర్ణయం చేసింది. యూరప్ అంతా ఫ్రాన్సు మీద పడింది కాబట్టి మనుషులు కావాలి, ఆ అవసరం నిజమే. ఊరూరా చీట్లు తీసి పెళ్ళికాని కుర్రాళ్ళని తీసుకుంటామన్నారు. కానీ ప్రభుత్వ పదవుల్లో ఉన్నవాళ్ళకీ, టౌన్లలో ఉండే నేషనల్ గార్డులకీ మినహాయింపు. అంటే ఎవరు చర్చి భూములు కొన్నారో, ఎవరు ఫాదర్‌ని తరిమారో, వాళ్ళే ఇంట్లో ఉంటారు, పల్లె కుర్రాడు వెళ్ళి చావాలి. నాకైతే ఆ కోపం అర్థమవుతుంది.

మార్చి 12న లువార్ ఒడ్డున సాన్ ఫ్లొరాన్ అనే చిన్న ఊళ్ళో చీట్లు తీద్దామని పిలిచారు. కుర్రాళ్ళు వచ్చారు, చీట్లు తియ్యమన్నారు, గొడవైంది, ఫిరంగి పేలింది, జనం కర్రలతో కొడవళ్ళతో మీద పడి ఆఫీసు తగలబెట్టినంత పని చేశారు. మర్నాడు ఈ వార్త దగ్గర్లోని ఇంకో ఊరికి వెళ్ళింది, అక్కడ కతలినో అని బండి తోలుకుంటూ ఊరూరా సరుకులు అమ్ముకునే మనిషి రొట్టెల పిండి కలుపుతున్నాడట, చేతులు తుడుచుకుని లేచి వెళ్ళిపోయాడు, భార్య వద్దన్నా ఆగలేదు. ఆ బండివాడే మూడు నెలల్లో మొత్తం సైన్యానికి జనరలిస్సిమో అయ్యాడు, అంటే సర్వసేనాధిపతి. రాజుగారి పేరు మీద జరిగిన యుద్ధంలో మొదటి సర్వసేనాధిపతి ఒక బండివాడు!

సరే, బోన్షాం దగ్గరికి వద్దాం. ఆయన అప్పటికి సైన్యం వదిలేసి ఆ సాన్ ఫ్లొరాన్‌కి దగ్గర్లోనే బారొనియేర్ అనే తన బంగళాలో భార్యాపిల్లలతో ఉంటున్నాడు. కొత్త ప్రమాణాలు తన మనసుకి పట్టక ఉద్యోగం మానేశాడు, అంతేగానీ కుట్రలు పన్నుతూ కూర్చోలేదు. పుస్తకాలు చదువుకునే మనిషి, నెమ్మదిగా మాట్లాడే మనిషి అంటారు. రైతులు ఆయన ఇంటికి వచ్చి మాకు నడిపించేవాళ్ళు కావాలి, మీకు యుద్ధం తెలుసు, రండి అన్నారు. ఆ రోజుల్లో చాలామంది జమీందార్ల పరిస్థితి ఇదే, వాళ్ళు రైతుల్ని లేపలేదు, రైతులే వెళ్ళి వాళ్ళని లేపారు. కొందరు భయపడి దాక్కున్నారు కూడా. బోన్షాం వెళ్ళాడు. వెళ్ళేముందు భార్యతో ఒక మాట అన్నాడని ఆవిడ తర్వాత తన జ్ఞాపకాల్లో చెప్పింది: ధైర్యం తెచ్చుకో, దీన్లో మనకి కీర్తి వస్తుందని మాత్రం ఆశపడకు, అంతర్యుద్ధాలు ఎవరికీ కీర్తి ఇవ్వవు అని. ఈ ఒక్క మాట వల్లే ఆయన మీద నాకు గౌరవం మొదలైంది. యుద్ధానికి వెళ్ళే రోజునే ఇది అన్నదమ్ముల తగువు, దీన్లో గెలిచినా సంబరపడేదేం లేదని తెలిసి వెళ్ళినవాడు.

ఆ సైన్యం ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన కష్టం అర్థం కాదు. కేథలిక్ రాజ సైన్యం అని పేరు పెట్టుకున్నారు, గుండె మీద సిలువ ఉన్న ఎర్రటి గుండె బొమ్మ కుట్టుకునేవాళ్ళు, టోపీకి తెల్ల గుర్తు. తుపాకులు శత్రువు దగ్గర లాక్కున్నవే ఎక్కువ, లేనివాళ్ళకి కొడవలిని నిటారుగా కర్రకి బిగించి ఇచ్చేవాళ్ళు. ఆ నేల అంతా చిన్న చిన్న చేలు, ప్రతి చేను చుట్టూ ఎత్తు గట్టు, గట్టు మీద దట్టంగా చెట్ల కంచె, మధ్యలో దారులు మనిషి లోతున పల్లంగా ఉంటాయి, పక్క చేలో వెయ్యిమంది కూర్చున్నా కనపడరు. గాలిమరల రెక్కలు ఎటు తిప్పి ఆపారో దాన్నిబట్టి శత్రువు వస్తున్నాడా లేదా అని దూరం నుంచి కబురు తెలిసేదని చెప్తారు. అలాంటి చోట డ్రిల్లు నేర్చిన సైన్యానికి ఏం తోస్తుంది. కానీ ఈ రైతులతో ఒక పెద్ద చిక్కు, యుద్ధం గెలవగానే ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. పశువులు ఉన్నాయి, కోతలున్నాయి, పండగ ఉంది. ఒక ఊరు గెలిస్తే వారం తిరిగేసరికి దాన్ని కాపాడటానికి మనుషులుండరు. మిగతా నాయకులు దీన్ని దేవుడి లీలలా వదిలేస్తే బోన్షాం మాత్రం కుదురుగా ఉండే దళాలు తయారుచెయ్యాలని పట్టుబట్టాడు, జీతం ఇచ్చి, డ్రిల్లు నేర్పి, కొన్ని కంపెనీలు నిలబెట్టాడు కూడా. అందరిలోకీ క్రమశిక్షణ ఉన్నది బోన్షాం డివిజనే అని శత్రువులు కూడా ఒప్పుకున్నారు.

మిగతా నాయకులు ఎవరంటే, దెల్బే అని రిటైరైన ఆఫీసరు, స్తొఫ్లే అని ఒక జమీందారు అడవికి కాపలా ఉండే మాజీ సోల్జరు, లెస్క్యూర్ అనే భక్తిపరుడు, ఆయన బంధువు ఆన్రి ద లా రోష్‌జాక్లాన్ అని ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఈ కుర్రాడు షోలే ఎర్ర రుమాలు తలకీ మెడకీ నడుముకీ కట్టుకుని తిరిగేవాడు, శత్రువులు ఎర్ర రుమాలు వాణ్ణి కాల్చండి అని అరుస్తున్నారని తెలిసి మిగతా ఆఫీసర్లందరూ ఎర్ర రుమాళ్ళు కట్టేశారట, ఎవరు ఎవరో తెలియకుండా. సముద్రం వైపు చిత్తడి నేలల్లో షారెత్ అని మాజీ నేవీ ఆఫీసరు, ఆయనది వేరే రాజ్యం, ఎవరి మాటా వినడు.

వసంతం అంతా వీళ్ళదే గెలుపు. మే 5న తువార్, మే 25న ఫొంత్నే, జూన్ 9న సోమ్యూర్. ఫొంత్నేలో జరిగిన ఒక సంగతి చెప్తా, ఇది తర్వాత కథకి కావాలి. ఒక రిపబ్లికన్ సోల్జరు, అంటే విప్లవ ప్రభుత్వం వైపు సోల్జరు, మోకాళ్ళ మీద పడి ప్రాణభిక్ష అడిగాడు, బోన్షాం వదిలేశాడు, ముందుకెళ్ళగానే ఆ మనిషే తుపాకీ ఎత్తి బోన్షాంని కాల్చాడని ఆ కాలం వాళ్ళ జ్ఞాపకాల్లో ఉంది. గాయం పెద్దది, సోమ్యూర్ గెలుపుకి ఆయన లేడు. నాయకుడు పడ్డాడని కోపంతో ఆయన మనుషులు అక్కడ చేతికి చిక్కినవాళ్ళని చంపేశారు కూడా. ఖైదీల విషయంలో ఆ సైన్యానికి ఒక అలవాటు ఉండేది, పెట్టుకోవడానికి జైళ్ళు లేవు కాబట్టి మళ్ళీ మా మీద యుద్ధానికి రామని ప్రమాణం చేయించి, మళ్ళీ దొరికితే గుర్తుపట్టేలా తల గొరిగి పంపేసేవాళ్ళు.

వాందే వాళ్ళంతా ఇలాగే దయగా ఉన్నారని మాత్రం ఎవరూ ఇంటికెళ్ళి చెప్పొద్దు. తిరుగుబాటు మొదలైన రోజుల్లోనే మాష్‌కూల్ అనే ఊళ్ళో తిరుగుబాటుదార్లు రిపబ్లికన్లని వంద మందికి పైగా చంపారు, కొంతమందిని తాళ్ళతో కలిపి కట్టి గోతి పక్కన నిలబెట్టి కాల్చారు. ఊరి అధికారులు, గుమాస్తాలు, ప్రమాణం చేసిన ఫాదరు, వాళ్ళూ ఎవరో ఒకరి పిల్లలే, ఎవరో ఒకరి నాన్నలే. రాజు పక్షాన్ని ఇష్టపడేవాళ్ళు రాసే చరిత్రల్లో మాష్‌కూల్‌ని ఒక్క లైన్లో దాటేస్తారు, విప్లవాన్ని ఇష్టపడేవాళ్ళు ఆ తర్వాత జరిగినదంతా ఒక్క లైన్లో దాటేస్తారు, రెండూ తప్పే.

జూన్ చివర్న నాంత్ పట్నం మీదకి వెళ్ళారు. పెద్ద రేవు, అది పడితే ఇంగ్లండు నుంచి సాయం వచ్చే దారి తెరుచుకుంటుంది. జూన్ 29న వీధుల్లో యుద్ధం, కతలినోకి తూటా తగిలింది, తమ సేనాధిపతి పడిపోవడం చూసి రైతులు వెనక్కి తిరిగారు, జూలై 14న ఆయన సాన్ ఫ్లొరాన్‌లో చనిపోయాడు. ఆయన తర్వాత ఎవరు అంటే చాలామందికి బోన్షాం అనే ఉంది, కానీ అప్పుడు ఆయన మళ్ళీ గాయంతో మంచం మీద ఉన్నాడు, దెల్బేని ఎన్నుకున్నారు. దీని మీద బోన్షాం గొడవపెట్టలేదు.

ఆయన గొడవపెట్టింది ఒక్క విషయం మీదే, లువార్ నది దాటాలి. మొదట్నుంచీ అదే చెప్తూ వచ్చాడు. ఈ నాలుగు మూలల మధ్య ఎంతకాలం ఉంటాం, పారిస్ ఒక సైన్యం పోతే ఇంకోటి పంపుతుంది, మనకి పోయినవాడి చోటు నింపేవాడు లేడు, నది దాటి అవతల ఉన్న బ్రెతాఞ్ సీమకి వెళ్దాం, అక్కడి రైతులూ మనలాంటివాళ్ళే, వాళ్ళని కలుపుకుందాం, సముద్రం అందుకుందాం అని. బలంగా ఉన్నప్పుడు, వెనక ఇల్లు పదిలంగా ఉన్నప్పుడు దాటాలన్నది ఆయన లెక్క. రైతులకి ఊరు వదలడం ఇష్టం లేదు, నాయకులకి ఒక మాట మీద నిలబడటం చేతకాలేదు. నా దృష్టిలో ఆ సైన్యంలో మొత్తం యుద్ధాన్ని ఒకేసారి చూడగలిగినవాడు ఈయనొక్కడే.

ఆగస్టు 1న పారిస్‌లో కన్వెన్షన్, అంటే అప్పటి విప్లవ ప్రభుత్వపు శాసనసభ, ఇంకో నిర్ణయం చేసింది. వాందేలో అడవులు తగలబెట్టాలి, పంటలు ఎత్తుకురావాలి, పశువుల్ని తోలుకురావాలి, ఆడవాళ్ళని పిల్లల్ని ముసలివాళ్ళని అక్కణ్ణుంచి తరలించాలి. మైంజ్ కోటలో జర్మన్లతో పోరాడి వచ్చిన ఆరితేరిన సైన్యాన్ని పంపింది, దాన్లో క్లెబెర్ లాంటి సేనాని ఉన్నాడు. సెప్టెంబర్ 19న తొర్ఫూ దగ్గర ఆ క్లెబెర్‌ని కూడా వాందేవాళ్ళు ఓడించారు, పారిపోతున్న మగవాళ్ళని ఊరి ఆడవాళ్ళు తిట్టి వెనక్కి పంపారని చెప్పే యుద్ధం అదే. ఓడిన క్లెబెర్ వెనక్కి వెళ్తుంటే దారిలో కలిసి కొట్టాలని ఒప్పందం, బోన్షాం వెళ్ళి కాచాడు, షారెత్ రాలేదు, వేరే ఊరి మీదకి వెళ్ళిపోయాడు. క్లెబెర్ తప్పించుకున్నాడు. నాలుగు వారాలు తిరక్కుండానే ఆ క్లెబెరే షోలే దగ్గర మళ్ళీ ఎదురొచ్చాడు.

అక్టోబర్ 17, షోలే. అంతకు ముందు రోజే పారిస్‌లో రాణి మరీ ఆంత్వానెత్‌కి మరణశిక్ష అమలైంది. బోన్షాం ముందు జాగ్రత్తగా ఒక 4,000 మందిని నది వైపు పంపించాడు, రేవు చేతిలో ఉంటే కనీసం దాటడానికి దారి ఉంటుందని. మిగతా సైన్యం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా పోరాడింది. తిరుగుబాటుదార్లు పులుల్లా పోరాడారు, మా సోల్జర్లు సింహాల్లా పోరాడారు అని క్లెబెర్ రాశాడు. సాయంత్రం చివరి దాడిలో ముందుండి నడుస్తూ దెల్బే, బోన్షాం ఇద్దరూ పడిపోయారు. బోన్షాంకి పొట్టలో తగిలింది, అది బతికే గాయం కాదని అందరికీ తెలుసు. ఆయన్ని మోసుకుంటూ రాత్రంతా నడిచి సాన్ ఫ్లొరాన్ చేరారు.

అక్కడి దృశ్యం ఊహించండి. గుట్ట మీద పెద్ద మఠం చర్చి, కింద నది, నది ఒడ్డున ఎనభై వేల మంది దాకా జనం అంటారు, సైన్యం మాత్రమే కాదు, మంటల్లో ఊళ్ళు వదిలి వచ్చిన ఆడవాళ్ళు, చంకలో పిల్లలు, ముసలివాళ్ళు, ఎడ్లబళ్ళు. ఉన్నవి కొన్ని పడవలు. వెనక క్లెబెర్ వస్తున్నాడు. నది దాటాలని ఏడు నెలలు మొత్తుకున్న మనిషి మంచం మీద చావుకి దగ్గరగా ఉన్నప్పుడు, ఓడిపోయి, ఇల్లు పోగొట్టుకుని, ఆ నది దాటుతున్నారు.

ఆ చర్చిలో 4,000 నుంచి 5,000 మంది రిపబ్లికన్ ఖైదీలు ఉన్నారు. వాళ్ళని నది దాటించలేరు, తమవాళ్ళకే పడవల్లేవు. వదిలేస్తే రేపు పొద్దున క్లెబెర్ సైన్యంలో కలిసి వెంటపడతారు. తగలబడ్డ ఊళ్ళ పొగ కనిపిస్తూనే ఉంది, తమ సేనాధిపతులు ముగ్గురు, బోన్షాం, దెల్బే, లెస్క్యూర్, చావు గాయాలతో ఉన్నారు. జనం చంపెయ్యండి అని అరుస్తున్నారు, చర్చి వైపు ఫిరంగులు తిప్పారు. యుద్ధం లెక్కలో చూస్తే చంపడానికి వాళ్ళ దగ్గర అన్ని కారణాలూ ఉన్నాయి, అదే ఈ ఘటనలో నన్ను ఇన్నేళ్ళుగా వదలని విషయం, చంపొద్దనడానికి ఒక్క లాభమూ లేదు.

ఈ సంగతి బోన్షాంకి చెప్పారు. ఫొంత్నేలో తను వదిలేసినవాడే తనని కాల్చాడు, ఆ అనుభవం ఉన్న మనిషి ఆయన. తన కింద పనిచేసే దోతిషాంని పిలిచి ఖైదీల్ని వదిలెయ్యాలి, ఇది నా చివరి ఆజ్ఞ, ఇది జరుగుతుందని నాకు మాటివ్వండి అన్నాడు. దోతిషాం బయటికొచ్చి ఖైదీలకి క్షమాభిక్ష, బోన్షాం కోరుతున్నాడు, బోన్షాం ఆజ్ఞ ఇది అని చాటించాడు. అరుస్తున్న జనం ఆగిపోయారు. ఫిరంగులు వెనక్కి తిప్పారు. నాయకులందరూ కలిసి ఆలోచించారని, ఇంకొందరు కూడా చంపడానికి ఒప్పుకోలేదని కొంతమంది చరిత్రకారులు అంటారు, అది నిజం కావచ్చు, కానీ ఆ గుంపు ఆగింది మాత్రం ఆయన పేరు విని. తన మనుషులు ఆయన్ని అంత ప్రేమించారు. చస్తున్న నాయకుడి పేరు చెప్పి పగ తీర్చుకోమంటే రెచ్చిపోయే గుంపుల్ని మనం చాలా చూశాం, చస్తున్న నాయకుడి పేరు విని ఆయుధం దించిన గుంపు ఇది.

ఆయన్ని పడవలో అవతలి ఒడ్డుకి చేర్చారు, లా మెయ్యరే అనే పల్లెలో ఒక చేపలు పట్టుకునేవాడి ఇంట్లో ఆ అక్టోబర్ 18 రాత్రే ప్రాణం పోయింది.

మర్నాడు, అక్టోబర్ 19న, రిపబ్లికన్ సైన్యంతో ఉన్న కన్వెన్షన్ ప్రతినిధి మెర్లాన్ పారిస్‌కి ఒక ఉత్తరం రాశాడు. అయిదు వేల మంది మనవాళ్ళని శత్రువు వదిలేశాడు, కొంతమంది మనవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు, స్వేచ్ఛ ఉన్న మనుషులు బానిసల చేతుల్లోంచి ప్రాణం పుచ్చుకోవడమా, ఇది విప్లవకారులు చేసే పని కాదు, ఈ దౌర్భాగ్యపు సంగతిని మరుపులో పాతిపెట్టాలి, కన్వెన్షన్‌లో కూడా దీని గురించి మాట్లాడొద్దు, ఆ బందిపోట్లకి రాసుకునే తీరిక లేదు, పత్రికలు నడిపే తీరిక లేదు, చాలా విషయాల్లాగే ఇదీ మర్చిపోతారు, అని దాని సారాంశం. సమాన హక్కుల కోసం పుట్టిన ప్రభుత్వం ప్రతినిధి రాసిన ఉత్తరం అది. నేను విప్లవం వైపు మనిషినని ముందే చెప్పా, అందుకే ఈ ఉత్తరం నాకు ఎక్కువ బాధ. అయిదు వేల మంది తల్లులకి కొడుకులు తిరిగొచ్చారు, అది చెడు వార్త అయింది, ఎందుకంటే శత్రువు మంచివాడని తేలితే వాణ్ణి చంపడం కష్టమవుతుంది.

కానీ మర్చిపోలేదు. బతికినవాళ్ళు మర్చిపోలేదు. ఇక్కడ ఓదోదీన్ అనే ఆయన గురించి చెప్పాలి. నాంత్ పట్నంలో వర్తకుడు, గట్టి రిపబ్లికన్, వాందేవాళ్ళకి ఖైదీగా దొరికాడు. ఖైదీల మార్పిడి గురించి మాట్లాడి రమ్మని మాట తీసుకుని ఇంకో ఇద్దరితో కలిపి నాంత్ పంపించారు. నాంత్‌వాళ్ళు ఒప్పుకోలేదు, మీరు వెనక్కి వెళ్ళొద్దన్నారు, మిగతా ఇద్దరూ ఆగిపోయారు, ఈయన మాటిచ్చాను అని ఒక్కడే శత్రువుల దగ్గరికి తిరిగొచ్చి మళ్ళీ ఖైదీ అయ్యాడు. సాన్ ఫ్లొరాన్‌లో ప్రాణం దక్కినవాళ్ళలో ఆయనా ఉన్నాడు.

బోన్షాం భార్య, ఆవిడ పేరు మార్గరీత్ రెనే ద సెపో, ఇద్దరు పిల్లలతో నది దాటిన జనంలో కలిసి నడిచింది. ఆ నడక చాలా ఘోరం. ఉత్తరాన గ్రాన్విల్ రేవు దాకా వెళ్ళి ఇంగ్లీషు ఓడలు అందుకుందామనుకున్నారు, నవంబర్‌లో ఆ కోట పడలేదు, ఓడలూ రాలేదు. తిరిగొస్తుంటే డిసెంబర్‌లో ల మాన్ వీధుల్లో వేలమంది చనిపోయారు, 23న సావ్నే దగ్గర సైన్యం పూర్తిగా నాశనమైంది. వెళ్ళినవాళ్ళలో ఇంటికి చేరింది కొద్ది వేల మందే. ఆవిడ కొడుకు మశూచితో దారిలో పోయాడు, చిన్నకూతురు జోయీతో కలిసి ఆవిడ చెట్టు తొర్రలో దాక్కుంది, రాత్రి పూట పల్లెవాళ్ళు తెచ్చి ఇచ్చింది తిన్నారు. చివరికి పట్టుబడింది, నాంత్‌లో మరణశిక్ష వేశారు. అప్పుడు ఓదోదీన్, ఆయనతో పాటు సాన్ ఫ్లొరాన్‌లో బతికిన మరికొందరు, ఈవిడ భర్త మా ప్రాణాలు కాపాడాడు అని సాక్ష్యం రాసి సంతకాలు పెట్టి విడుదల కోరారు. ఆ రోజుల్లో తిరుగుబాటు జనరల్ భార్య తరఫున సంతకం పెట్టడమంటే తన మెడ మీద తను సంతకం పెట్టుకోవడం లాంటిది. ఆవిడ బతికింది. క్షమాపత్రం తీసుకోవడానికి చిన్న జోయీని కోర్టుకి పంపిస్తే, జడ్జీలు నీకొచ్చిన మంచి పాట పాడమ్మా అన్నారట, ఆ పిల్ల తను సైన్యంలో విన్న పాటే గొంతెత్తి పాడింది, రాజుకి జై, రిపబ్లిక్ నశించాలి అని. ఆ జడ్జీలు పిల్లని ఏమీ అనకుండా కాగితం చేతికిచ్చి పంపించారని ఆవిడ జ్ఞాపకాల్లో ఉంది. అక్కడ కూడా మనుషులున్నారు.

ఆ చర్చిలో ఉన్నవాళ్ళలో ఆంజే పట్నం నుంచి వచ్చిన ఒక చెక్క శిల్పి కూడా ఉన్నాడు, రిపబ్లిక్ కోసం తుపాకీ పట్టినవాడు, దావిద్ ఇంటిపేరు. ఇంటిదగ్గర ఆయనకి అయిదేళ్ళ కొడుకు. ఆ కొడుకు పెద్దయి ఫ్రాన్సులో పేరుమోసిన శిల్పి అయ్యాడు, దావిద్ దాంజే అంటారు, జీవితాంతం రిపబ్లికనే. బోన్షాంకి సమాధి కట్టాలన్నప్పుడు ఆ పని ఆయన చేశాడు, తండ్రి బాకీ తీర్చడానికి చేస్తున్నానన్నాడు. 1825లో సాన్ ఫ్లొరాన్ చర్చిలోనే ఆ పాలరాతి విగ్రహం పెట్టారు. గాయంతో ఒరిగిన మనిషి, ఒక చెయ్యి పైకెత్తి ఆగండి అంటున్నట్టు ఉంటాడు, కింద ఖైదీలకి క్షమాభిక్ష అన్న మాట చెక్కి ఉంటుంది. ఒక రాజ పక్షపు సేనానికి రిపబ్లికన్ చెక్కిన స్మారకం. ఫొటోలు దొరుకుతాయి, తప్పకుండా చూడండి.

మరి బోన్షాం చూపిన దయకి జవాబుగా వాందేకి ఏం దక్కింది అని అడుగుతారు. దక్కలేదండి. సావ్నే తర్వాత అసలు ఎదురు నిలిచే పెద్ద సైన్యమే లేదు, అయినా 1794 జనవరి నుంచి జనరల్ త్యురో దళాల్ని వరసలుగా పంపించాడు, నరక దళాలు అని పేరొచ్చింది వాటికి, ఎదురొచ్చిన ఊరల్లా తగలబెట్టుకుంటూ పోయాయి. ఫిబ్రవరి 28న లే ల్యూక్ అనే ఊళ్ళో చంపినవాళ్ళ పేర్ల జాబితా ఆ ఊరి ఫాదర్ రాసిపెట్టాడు, దాన్లో చిన్నపిల్లల పేర్లు చదవడం నా వల్ల కాలేదు. నాంత్‌లో కారియే అనే ప్రతినిధి ఖైదీల్ని పడవల్లో ఎక్కించి లువార్‌లో ముంచి చంపించాడు, తర్వాత ఆ ప్రభుత్వమే అతన్ని విచారించి 1794 డిసెంబర్ 16న గిలటీన్ ఎక్కించింది. మొత్తం వాందే వైపు పోయినవాళ్ళు లక్షన్నర పైనే అని ఇప్పటి పరిశోధకులు చాలామంది అంచనా వేస్తారు, దీన్ని జాతిహత్య అనాలా వద్దా అని ఫ్రాన్సులో ఈరోజుకీ గట్టిగా వాదించుకుంటారు. లా రోష్‌జాక్లాన్ 1794 జనవరిలో ఇరవై ఒక్క ఏళ్ళకి చనిపోయాడు. గాయాలతో కదల్లేని దెల్బేని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. స్తొఫ్లే, షారెత్ 1796 దాకా పోరాడి ఇద్దరూ ఫైరింగ్ స్క్వాడ్ ముందు చనిపోయారు.

మధ్యలో 1795లో ఒకసారి సంధి జరిగింది. ఫిబ్రవరి 17న లా జోనే దగ్గర షారెత్ సంతకం పెట్టాడు, మే 2న స్తొఫ్లే పెట్టాడు, స్తొఫ్లే పెట్టింది ఈ సాన్ ఫ్లొరాన్‌లోనే. కొన్ని నెలలే నిలబడింది ఆ సంధి, కానీ దాన్లో షరతులు చూడండి. ఎవరి ఫాదర్ దగ్గర వాళ్ళు పూజ చేసుకోవచ్చు. వాందే కుర్రాళ్ళని బలవంతంగా సైన్యంలోకి లాగరు. తగలబడ్డ ఇళ్ళకి ఎంతోకొంత పరిహారం ఇస్తారు. మొదటి రెండూ 1793 మార్చి 12న చీట్లు తియ్యడానికి వచ్చిన కుర్రాళ్ళు అడిగినవే. ప్రశ్నలుంటే అడగండి, నాకు తెలిసినంతలో చెప్తా.